వావిలి కంచె వెనక

కొత్తచెరువు దాటాక రోడ్డు పక్కనే మా ఇల్లు. పెరట్లో బట్టలుతికే బండ ఒకటి ఉంది. ఎండ దిగాక దానిమీద కూర్చుని చదువుకోవడం, డైరీ రాసుకోవడం నా అలవాటు. పెరటికి ప్రహరీ లేదు, ముళ్ళతీగ మాత్రమే. అవతల ఖాళీ జాగా ఉన్నన్నాళ్ళూ అది చాలింది. పోయినేడు అక్కడ టీ కొట్టు వెలిసింది. బెంచీల మీద కూర్చున్నవాళ్ళ చూపు నేరుగా నా బండ మీదే పడేది. వాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. ఒక పెద్దాయన, ఏం పరీక్షకు చదువుతాండావమ్మా అని ఆప్యాయంగానే అడిగాడు. ఆ మాటకే నేను లేచి లోపలికి వెళ్ళిపోయాను. తర్వాత చాలా రోజులు ఆ వైపు వెళ్ళలేదు. ఇంట్లో ఉన్నవి రెండు గదులు, ఎప్పుడూ మోగే టీవీ. నాకంటూ ఉన్న చోటు ఆ బండ ఒక్కటే.

గోడ కడితే గాలి ఆగిపోతుందని నాయన ఒప్పుకోలేదు, చెట్లు నాటుకోమన్నాడు. అనంతపురంలో నర్సరీకి వెళితే కోనోకార్పస్ చూపించారు. పచ్చగా, గోడలాగే ఉంది. కానీ వేళ్ళూనేదాకా రోజూ నీళ్ళు పోయాలట. మా బోరు ఎండాకాలంలో బిందె నింపడానికే ఆయాసపడుతుంది. గోరింట నిదానం. నాకేమో తొందర. అందుకే మృగశిర కార్తె వాన పడగానే కంచె పొడుగునా, తొందరగా ఎదుగుతుందని, అవిసె చెట్టు గింజలు వేసి, బియ్యం కడిగిన నీళ్ళు, బట్టలు జాడించిన నీళ్ళు పోస్తూ వచ్చాను. నిజంగానే అవి నా భుజాల దాకా లేచాయి. ఒక సాయంత్రం మేకల మంద ఆ దారిన పోయింది. పుల్లలు మిగిలాయి.

మా అవ్వ పెరట్లోకి వచ్చి ఆ పుల్లల్ని చూసింది.

"ఏమ్మే, మేకలు తిరిగే దావలో అవిసె పెడ్తివా? పెండ్లికి పిల్చినట్లుండాది. అన్ని పుస్తకాలు చదువుతావే, మేకలు ఏం తింటాయో దాంట్లో రాయల్యా?"

నాకు ఏడుపొచ్చినంత పనైంది. అది చూసి కాబోలు, మరునాడు అవ్వే నాయనను వంక గట్టుకు పంపి బండి మీద వావిలి కొమ్మలు తెప్పించింది. తడి నేలలో గుచ్చితే చాలు, బతుకుతుంది. దాని ఘాటు వాసనకు మేకలు మూతి పెట్టి, తల తిప్పుకుని పోయాయి. అవి మలుపు తిరిగేదాకా నేను గుమ్మంలోనే నిలబడి చూశాను.

వావిలి పొడుగైతే పెరిగింది గానీ పలచగా పెరిగింది. సందుల్లోంచి బెంచీలు కనిపిస్తూనే ఉన్నాయి. అంతలో టీ కొట్టు నడిపే అత్త కూతురు ప్రసవించింది. మా వైపు బాలింతకు వావిలాకు వేసి కాచిన నీళ్ళే పోస్తారు. మా ఇంట్లో ఆకు ఉందని అవ్వ ఊరంతా చెప్పేసింది. అత్త రోజూ వచ్చి చివుళ్ళు తుంచుకుపోయేది. ఆమె వెనక ఇంకో బాలింత తల్లి. వద్దనే ధైర్యం నాకు లేదు. ఉన్న కాస్త మరుగూ పోతోందని అవ్వతో గొణిగాను.

"తుంచితేనే కమ్ముకుంటాది. చూస్తాండు," అంది అవ్వ.

తుంచిన ప్రతిచోటా రెండేసి చివుళ్ళు లేచాయి. కార్తీకం వచ్చేసరికి బెంచీలు కనబడలేదు, మాటలు మాత్రం వినబడేవి.

మొన్న సాయంత్రం బండ మీద ఉండగా ఆకుల్లోంచి ఒక చెయ్యి వచ్చింది.

"ఎవురమ్మా ఆ పక్క? రొండు రెమ్మలు తీసుకుంటాండా."

"నేనే అత్తా. పైనవి తుంచుకో, లేతగుండాయి."

మొహం కనబడకపోతే మాట్లాడటం నాకు ఇంత తేలికని అంతవరకూ తెలియదు. చెయ్యి వెళ్ళిపోయింది. నేను పేజీ తిప్పాను. అప్పుడే అవతల బెంచీ మీంచి ఆ పెద్దాయన గొంతు వినిపించింది.

"ఆ పాప పరీక్షలు అయిపోయినట్లుండాయి. ఈ మధ్య కనపడదే."

ఆయనకు రెండడుగుల దూరంలో కూర్చుని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుకున్నాను.