సువార్తమ్మగారి చెడ్డ కబుర్లు

మా బోర్డింగ్ మేట్రన్ సువార్తమ్మగారి నోటి వెంట నేనక్కడ చదివినన్నాళ్ళూ ఒక్క మంచి మాట వినలేదు. తిట్టేవారని కాదు, తిట్టడం ఆవిడకి రాదు. జరగబోయే చెడుని ముందే చెప్పడం ఆవిడ అలవాటు. వాన వెలిస్తే "మళ్ళీ పట్టుకుంటుంది" అనేవారు. జ్వరం తగ్గితే "ఇది తిరగబెట్టే రకం" అనేవారు. ఎవరికైనా క్లాసులో ఫస్టు ర్యాంకు వస్తే ఆ పిల్ల వంక జాలిగా చూసి, "ఇంకేముంది, వచ్చే పరీక్షకి కిందికి దిగడమే" అనేవారు. పేరు మాత్రం సువార్త!

తొంభై నాలుగు జూన్‌లో నన్ను ఆరో క్లాసులో చేర్పించడానికి మా నాన్న అచ్యుతరామరాజు భీమవరం దగ్గర మా ఊరి నుంచి తీసుకొచ్చారు. అమలాపురం అవతల కాలవ గట్టు మీద మిషన్ వాళ్ళ ఆడపిల్లల బోర్డింగ్ స్కూలది. "రాజుల పిల్లని కిరస్తానీ హాస్టల్లో పడేస్తావురా?" అని నాయనమ్మ రెండు పూటలు అన్నం మానేసింది. ఇంగ్లీషు బాగా వస్తుందని నాన్న పంతం. దారి పొడుగునా నాకు ఆశలు పెడుతూనే ఉన్నారు. అక్కడ ఉయ్యాలలుంటాయిట, ఆదివారం ఐస్‌క్రీం పెడతారుట, ప్రతి వారం తనే వచ్చి చూస్తారుట.

గేటు దగ్గర సువార్తమ్మగారు నించుని ఉన్నారు. తెల్లచీర, చేతిలో గొడుగు, ముఖం అప్పుడే ఎవరినో పాతిపెట్టి వచ్చినట్టు ఉంది.

"మా అమ్మాయి ఇక్కడ సుఖంగా ఉంటుందా అండి?" అని నాన్న మర్యాదకి అడిగారు.

"ఉండదండి."

నాన్న చేతిలోని రేకుపెట్టె కిందికి జారింది. "అదేంటండి? భోజనం అదీ..."

"బాగోదండి. పప్పులో నీళ్ళెక్కువ. ఉప్మా చల్లారితే గోడకి కొట్టినా పగలదు."

"మంచాలు?"

"ఉన్నాయండి. నల్లులు కూడా ఉన్నాయి."

"ప్రతి ఆదివారం వస్తానని మాటిచ్చానండి పిల్లకి."

"ఎందుకిచ్చారండి? నెలకో ఆదివారమే లోపలికి రానిస్తాం. అదైనా రొయ్యల చెరువులున్నవాళ్ళు మీరు, నీళ్ళు మార్చే రోజొస్తే రారు."

నాన్న పెట్టె మళ్ళీ ఎత్తుకుని "పదమ్మా, వెళ్ళిపోదాం" అనేశారు. ఇంతలో హెడ్ మిస్ట్రెస్ ఎస్తేరురాణిగారు ఆఫీసులోంచి పరుగున వచ్చి, "సువార్తమ్మగారూ! మిమ్మల్ని అడ్మిషన్ల రోజున గేటు దగ్గరికి రావద్దని చెప్పానా లేదా?" అన్నారు. ఏటా జూన్‌లో ఈవిడ పుణ్యాన కొందరు పిల్లలు గేటు నుంచే వెనక్కి వెళ్ళిపోయేవారట.

నాన్న వెళ్ళాక సువార్తమ్మగారు నన్ను పొడుగాటి హాల్లోకి తీసుకెళ్ళి మంచం చూపించారు. "ఇది నీది. ఇవాళ ఏడుస్తావు. రేపు ఇంకా ఎక్కువ ఏడుస్తావు. ఎల్లుండికి గొంతు పోతుంది కాబట్టి చప్పుడు లేకుండా ఏడుస్తావు. ఆ తర్వాత ఇంటి సంగతి మర్చిపోయి ఉప్మా గురించి ఏడుస్తావు."

"బొట్టు తీసెయ్యమంటారా అండి?" అని భయంభయంగా అడిగాను. నాయనమ్మ నా చెవిలో మరీ మరీ నూరిపోసింది ఆ సంగతే.

"ఎవరూ అనరు. కానీ ఆదివారం చర్చిలో ప్రసంగం పొడుగు. నువ్వు కచ్చితంగా నిద్రపోతావు. గోడ పక్కన కూర్చో, కిందపడవు. తెల్లారకుండానే గంట కొడతారు. స్నానానికి వెనకపడితే బావి దగ్గర బురద నీళ్ళే మిగుల్తాయి. బైబిలు వాక్యం అప్పజెబితేనే టిఫిను. నీకు రాదు. రాకపోతే నా వెనక నించో, నేను నెమ్మదిగా అందిస్తాను."

అన్నీ ఆవిడ చెప్పినట్టే జరిగాయి. చెప్పిన వరసలోనే ఏడ్చాను కూడా. ఉయ్యాలలు లేవు. ఐస్‌క్రీం లేదు. నాన్న మొదటి నెల రాలేదు, చెరువులో నీళ్ళు మార్చారు.

ఆవిడ భోజనాల దగ్గర చేసే ప్రార్థన కూడా అలాగే ఉండేది. "ప్రభువా, ఈ అన్నంలో రాళ్ళున్నాయి, ఈ పిల్లల పళ్ళు కాపాడు. చారులో ఏం పడిందో నీకే తెలుసు, వీళ్ళ కడుపులు కాపాడు. ఆమెన్." ఆ తర్వాత ఎవరికీ ముద్ద మింగుడు పడేది కాదు. మింగాక మాత్రం, అనుకున్నంత ఘోరంగా లేదే అనిపించేది.

నా పక్క మంచం వీరదుర్గది. తాళ్ళరేవు అవతల సముద్రపొడ్డు పల్లె, చేపలు పట్టే కుటుంబం. దాని నవ్వు హాల్లో ఈ చివర మొదలైతే ఆ చివర పిల్లలు ఉలిక్కిపడేవారు. సువార్తమ్మగారి చేత ఎలాగైనా ఒక్క మంచి మాట అనిపించాలని దానికి పట్టుదల.

ఒకరోజు మంచి దోరజామకాయ ఆవిడకిచ్చి, "ఎలా ఉందండి?" అని అడిగింది.

ఆవిడ కొరికి, సావకాశంగా నమిలి, "తియ్యగా ఉంది" అన్నారు. మేమంతా చప్పట్లు కొట్టాం. "అంటే లోపల పురుగుంటుంది" అని కాయ తిప్పి చూపించారు. నిజంగానే ఉంది. వీరదుర్గ నేల మీద పడి దొర్లి దొర్లి నవ్వింది.

మేం ఎనిమిదో క్లాసులో ఉండగా, తొంభై ఆరు నవంబరులో తుఫాను వచ్చింది. తుఫాను వస్తుందని సువార్తమ్మగారు జూన్ నుంచీ కనబడ్డ ప్రతి మబ్బునీ చూసి చెబుతూనే ఉన్నారు గనక మేమెవరం పట్టించుకోలేదు. ఆ సాయంత్రం పెంకులు ఎగిరిపోవడం మొదలవగానే మమ్మల్నందరినీ రాతి గోడల చర్చిలోకి తోలారు. తెల్లవారి తలుపు తీస్తే, కోనసీమలో నించుని ఉన్న కొబ్బరిచెట్టు ఎక్కడా కనబడలేదు. రోడ్డు మీద చెట్లు, కరెంటు స్తంభాలు, చచ్చిన పశువులు. ఫోన్లు లేవు. సముద్రం మీదికెళ్ళిన పడవలు చాలా తిరిగి రాలేదని మాత్రం నోటి మాటగా తెలిసింది.

వీరదుర్గ నాన్న బుల్లియ్య వేటకెళ్ళాడు.

ఆ పిల్ల నవ్వు ఆగిపోయింది. అన్నం మానేసింది. గేటు దగ్గర అరుగు మీద కూర్చుని రోడ్డు వంక చూసేది. అందరం తలో మాటా చెప్పాం. ఎస్తేరురాణిగారు తల నిమిరి "ఏం కాదమ్మా, రేపో మాపో వచ్చేస్తాడు" అన్నారు. పాస్టరుగారు "దేవుడు చూసుకుంటాడు" అన్నారు. నేను "మీ నాన్నకి ఈతొచ్చుగా" అన్నాను. ఎవరేం చెప్పినా తల ఊపేది, ముద్ద ముట్టేది కాదు.

చివరికి అదే లేచి తిన్నగా సువార్తమ్మగారి ముందుకెళ్ళి నించుంది.

"అందరూ వస్తాడంటున్నారండి. మీరు చెప్పండి. మా నాన్న వస్తాడా?"

ఆవిడ వెనక నుంచి ఎస్తేరురాణిగారు వద్దు వద్దని చేతులూపుతున్నారు. జన్మలో ఒక్కసారి అబద్ధమాడండి తల్లీ అని మనసులో మొక్కుకున్నాను.

"తెలీదే" అన్నారు సువార్తమ్మగారు. "రావచ్చు. రాకపోవచ్చు."

ఎస్తేరురాణిగారు నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నారు. సువార్తమ్మగారు ఆ పిల్ల పక్కన అరుగు మీద చతికిలబడ్డారు.

"మా నాన్న నన్ను ఇదే బోర్డింగులో దింపి, బజారుకెళ్ళి బిస్కట్లు తెస్తానని చెప్పి వెళ్ళాడు. మళ్ళీ రాలేదు. ఎందుకు రాలేదో ఇప్పటికీ తెలీదు. రేపొస్తాడే, రేపొస్తాడే అని అప్పటి మేట్రన్ నుంచి వంటమనిషి దాకా అందరూ చెప్పారు. మంచివాళ్ళే పాపం. ఆ రేపుల కోసం కూర్చుని కూర్చుని ఎండిపోయాను. ఎవరైనా ఒకళ్ళు తెలీదే అనుంటే బాగుండును. నీకు నేను ఆ అబద్ధం చెప్పను. తెలిసేదాకా నీ పక్కన ఉంటాను. అన్నం తిను. ఏడవడానికైనా ఒంట్లో ఓపికుండాలి."

వీరదుర్గ ఆవిడ ఒళ్ళో తల పెట్టి అప్పుడు ఏడ్చింది. తుఫాను తర్వాత అది ఏడవడం అదే మొదలు. ఏడ్చి, లేచి, ఆవిడ కలిపిన చప్పటి పప్పన్నం తింది.

మర్నాడు పొద్దున్నే సువార్తమ్మగారు గొడుగు పట్టుకుని, వాచ్‌మన్ ఏసుపాదాన్ని వెంటబెట్టుకుని బయల్దేరారు. "ఎక్కడికండి, దారులే లేవు" అన్నారు ఎస్తేరురాణిగారు. "తెలుసుకోవడానికండి. దార్లో ఏ చెట్టో మీద పడుతుంది. మేము రాకపోతే సాయంత్రం గంట మీరే కొట్టించండి" అని చెప్పి వెళ్ళిపోయారు.

వీరదుర్గ వాళ్ళ పల్లె వైపు వెళ్ళాలంటే ఎదుర్లంక దగ్గర గోదావరి దాటాలి. అప్పటికింకా వంతెన కట్టలేదు. మనుషుల్నీ బళ్ళనీ దాటించే పంటు తుఫానుకి ఆగిపోయింది. చిన్న పడవే దిక్కు. సువార్తమ్మగారికి నీళ్ళంటే ప్రాణభయం, మా కాలవ గట్టు వైపుకే వచ్చేవారు కాదు. ఆ ప్రయాణం సంగతి ఏసుపాదం తర్వాత చెబుతుంటే మేం కడుపులు పట్టుకుని నవ్వాం.

"ఎక్కిన కాణ్ణించీ పడవ మునుగుతాది, మునుగుతాది అంటానే ఉన్నారండి. కళ్ళు మూసుకుని నా సొక్కా పట్టుకున్నారు, సిరిగిపోయింది. నడి గోదాట్లో పడవోడు తెడ్డొదిలేసి, ‘అమ్మా, మీరు తోలుకోండి, నేను దిగిపోతాను’ అన్నాడండి. ఆడికంత బయవేసింది."

ఆ ఒడ్డున దిగి పునరావాస శిబిరాలన్నీ వెతికారట. ముక్కుకి కొంగు కట్టుకుని, గుడ్డ కప్పిన శవాల వరస కూడా ఆవిడే చూశారట. ఏసుపాదాన్ని మాత్రం "నువ్వు రాకు, అన్నం తినలేవు" అని దూరంగా నిలబెట్టేశారట.

మూడో రోజు రాత్రి వాళ్ళు తిరిగొచ్చేసరికి మేం భోజనాలకి కూర్చున్నాం. చీర మోకాళ్ళ దాకా బురద, గొడుగుకి ఊచలే మిగిలాయి, ఒక కాలికి చెప్పు లేదు. ఎప్పటి ముఖమే. ఆ ముఖం చూసి ఏదీ తేల్చుకోలేం.

"పడవ ముక్కలైపోయింది" అన్నారు. "వలలు పోయాయి. మీ ఇంటి మీద చెట్టు పడింది. మీ నాన్న కాలు రెండు చోట్ల విరిగింది. కాకినాడ ఆస్పత్రిలో పడుకోబెట్టారు, మంచం లేదు, నేల మీదే. కట్టు కట్టిన డాక్టరు కుర్రాడు, చేతులు వణుకుతున్నాయి. అది తిన్నగా అతుక్కుంటుందని నాకు నమ్మకం లేదు."

వీరదుర్గ మెల్లిగా లేచింది. "అయితే బతికే ఉన్నాడాండి?"

"బతక్కపోతే నెప్పీ నెప్పీ అని నా మీద ఎందుకు అరుస్తాడే?"

ఇంకెవరు చెప్పినా, ఏడవకుండా ఉండటానికి చెబుతున్నారని అనుమానపడేవాళ్ళం. చెప్పింది సువార్తమ్మగారు. విరిగిన కాలుతో, వణికే డాక్టరుతో సహా నమ్మేశాం. వీరదుర్గ కంచం దాటి పరుగెత్తుకెళ్ళి ఆవిడని చుట్టేసింది. "వదలవే, బురద, గజ్జి పట్టుకుంటుంది" అంటూనే ఆవిడ దాన్ని వదల్లేదు.

క్రిస్మస్ సెలవులకి కూతుర్ని తీసుకెళ్ళడానికి బుల్లియ్య చంకలో కర్ర పెట్టుకుని వచ్చాడు. మడ అడవి కొమ్మలు పట్టుకుని వేలాడుతుంటే ఎవరో తీసి ఆస్పత్రిలో పడేశారని చెప్పాడు. ఎస్తేరురాణిగారు కుర్చీ వేయించి, "సువార్తమ్మగారు వచ్చి ఏమైనా ధైర్యం చెప్పారా బుల్లియ్యా?" అని అడిగారు.

"ఆయ్, సెప్పారండి. అప్పటికి నాకు జొరం కాసేత్తా ఉంది, ఇంక పోతాననుకుంటన్నాను. ఆయమ్మగారు నా మీదకొంగి, ‘ఒరేయ్, బతికున్నావని మీ పిల్లకి చెప్పడానికి వెళ్తున్నాను. నేనింతవరకు ఏ పిల్లకీ అబద్ధం చెప్పలేదు. ఈలోగా నువ్వు చచ్చావంటే ఊరుకోను’ అన్నారండి."

"అప్పుడు?"

"అప్పుడేవుందండి, ఆ మొకం సూసి సావడానికి దయిర్యం సాల్లేదండి."