అత్తగారి చామంతి మడి

మా అత్తగారు ఆళ్లగడ్డ బస్సు దిగి వచ్చి, ఇంట్లో అడుగు పెట్టకుండానే పెరట్లోకి నడిచారు. చేతికి ప్లాస్టిక్ సంచి తొడుక్కుని, చామంతి మడిలో అన్నిటికంటే ఏపుగా ఉన్న మొక్కను వేరుతో సహా పీకేశారు.

"చామంతా ఇది? వయ్యారిభామ! కలుపుకు కర్రలు కట్టి నిలబెట్టినారే!"

"నువ్విచ్చిందే కదమ్మా!" అంది నా భార్య.

"నేనిచ్చింది చామంతే. మీ నంద్యాల నీళ్లకు ఇట్లయింది."

ఆళ్లగడ్డ ఇంటి వాకిలికి సిమెంటు వేయించే ముందు, అక్కడి పసుపు చామంతి పిలకలన్నీ ఆమె తవ్వి మాకు పంపారు. బస్సుకు టైమవుతోందన్న కంగారులో చామంతిలా కనిపించిందల్లా తవ్వేశారు. లేతలో చామంతి, వయ్యారిభామ ఆకులు ఒకేలా చీలి ఉంటాయి. ఆ చామంతి ఇప్పుడు ఉంటే మా పెరట్లో ఉండాలి, లేదంటే ఎక్కడా లేదు.

పక్కింటి దర్జీ గోడ మీదుగా చూసి ముందే చెప్పాడు.

"అన్నా, పూత రాకముందే పీకెయ్. పూసిందంటే విత్తనం వీధంతా పడ్తాది. అందరం గోక్కుంటా కూచోవాల."

పుట్టింటి మొక్కను ఆడపిల్ల తన చేత్తో పీకకూడదని వాళ్లింట్లో పట్టింపు. అల్లుడు పీకడం గురించి అడగనే అక్కర్లేదు. ఫొటో తీసి పంపితే అత్తగారు "బాగుండాయి, నీళ్లు పోయండి" అన్నారు. కళ్లజోడు లేకుండా చూశారట. తెల్ల మొగ్గలు కనిపిస్తున్న ఫొటో పంపాక కళ్లజోడూ పెట్టుకున్నారు, బస్సూ ఎక్కారు.

మడి తడిపించి, ఒక్కో మొక్క ఆకు నలిపి వాసన చూస్తూ కూర్చున్నారు. చామంతి ఆకైతే ఘాటుగా వాసన వస్తుంది. రానివి పీకి సంచిలో వేసి మూతి బిగించారు. ఇంతలో తుమ్ములు పట్టుకున్నాయి. చివరికి రెండు మొక్కలు మిగిలాయి.

"ఇవేందమ్మా?" అంది నా భార్య.

"ఏమో. ముక్కు పనిచేస్తాలేదు."

"పెద్దమ్మా, అవీ పీకేస్తే పోతాది గదా?" అన్నాడు గోడ అవతలి నుంచి దర్జీ.

"పీకితే నా చామంతి ఇంక యాడుంటాది నాయనా?"

అత్తగారు ఆళ్లగడ్డకు తిరిగి వెళ్లలేదు. తుమ్ములు తగ్గలేదు. ఆ రెండు మొక్కలూ ఇంకా మొగ్గ తొడగలేదు.