ఒంటి చెవి తీర్పు

నా ఎడమ చెవి ఏ రోజు పోయిందో సరిగ్గా గుర్తు లేదు. ఒక ఉదయం లేచేసరికి మూసుకుపోయినట్టుంది. సముద్రంలో మునిగి లేచినప్పుడు నీళ్లు దూరితే ఎలా ఉంటుందో అలా. గులిమి అనుకున్నాను. కొబ్బరినూనె వెచ్చజేసి రెండు చుక్కలు వేసుకుని, దూది పెట్టుకుని, ఆఫీసుకు వెళ్లిపోయాను. పది రోజులు అలాగే గడిచాయి.

పదకొండో రోజు చెవి డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆయన లోపలికి చూసి గులిమి లేదన్నాడు. గాజు కిటికీ ఉన్న చిన్న గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు తగిలించి, చేతికి ఒక బటన్ ఇచ్చి, శబ్దం వినిపించినప్పుడల్లా నొక్కమన్నారు. కుడి చెవి వంతులో వరసగా నొక్కుతూ వచ్చాను. తర్వాత చాలాసేపు ఏ శబ్దమూ లేదు. పరీక్ష అయిపోయిందేమోనని కిటికీ అవతల కూర్చున్న అమ్మాయి వైపు చూశాను. ఆమె ఇంకా మీటలు తిప్పుతూనే ఉంది.

మొదటి రెండు మూడు రోజుల్లో వచ్చి ఉంటే మాత్రలతో ప్రయత్నించే వీలుండేదని, ఇప్పుడూ ఇస్తానని, ఆశ మాత్రం పెట్టుకోవద్దని డాక్టరు తమిళంలో చెప్పాడు. తమిళంలో చెవిని ‘కాదు’ అంటారు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడుతూ పెరిగిన నాకు ఆ మాట చిన్నప్పటి నుంచీ రెండు రకాలుగా వినిపిస్తుంది. ఆ రోజు తెలుగులోనే వినిపించింది.

బయటికి వచ్చి స్కూటరు తీశాను. దారిలో ములక్కాయలు కొన్నాను. ఏడుపు రాలేదు, భయం కూడా వేయలేదు. పన్ను పీకే ముందు ఇంజెక్షన్ ఇస్తే దవడ ఎలా మొద్దుబారుతుందో అలా ఉంది. ఇంటికి వెళ్లాక మా ఆవిడ అడిగితే, “గులిమే, మందిచ్చినారు” అన్నాను. ఎందుకు అబద్ధమాడానో తెలియదు. నిజం చెబితే ఆమె అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పే ఓపిక లేదనిపించింది.

నా గురించి రెండు ముక్కలు చెప్పాలి. మా ఇల్లు సారం అనే పేటలో. పుదుచ్చేరి విద్యుత్ శాఖలో మీటర్లు పరీక్షించే గదిలో పని చేస్తాను. మా తాతల కాలం నుంచీ ఇక్కడే ఉన్నాం. మా వాళ్లలో చాలామందికి తెలుగు మాట్లాడడమే వచ్చు, చదవడం రాదు. నేను ఉద్యోగంలో చేరాక పట్టుబట్టి నేర్చుకున్నాను. కాబట్టి నేను రాస్తున్న ఈ మనుషులు దీన్ని చదవరు. అందుకే కొంచెం తేలిగ్గా రాయగలుగుతున్నాను.

నాకున్న ఒకే పిచ్చి పాత రికార్డులు. ఇంట్లో ప్లేయరు, రెండు స్పీకరు డబ్బాలు ఉన్నాయి. ఊళ్లో రికార్డులు వినేవాళ్లు ఓ పదిమంది ఉంటారు. వాళ్లందరికీ ప్లేయర్లు సరిచేసేది నేనే. ముఖ్యంగా కార్ట్రిడ్జ్ బిగించడం. ప్లేయరు చేతి చివర బొటనవేలి గోరంత ముక్క ఒకటుంటుంది, దాని అడుగున సూది. రికార్డు గాడిలో నడిచి పాటను బయటికి తీసేది అదే. వెయ్యి రూపాయలకూ దొరుకుతుంది, లక్షకూ దొరుకుతుంది. ఎవరైనా కొనే ముందు నాకు ఫోన్ చేస్తారు. “అన్నా, అంత డబ్బు పెట్టొచ్చా?” అని అడుగుతారు.

నేను ఎప్పుడూ ఒకటే చెప్పేవాణ్ణి. మరీ చౌకది వద్దు, రికార్డును గీకేస్తుంది. మధ్యరకం కొను, సూది మంచిదై ఉండాలి. ఆపైన పెట్టే డబ్బంతా పేరుకూ పెట్టెకూ. ఖరీదైనదాన్ని వంకరగా బిగిస్తే, చౌకదాన్ని నిటారుగా బిగించినంత కూడా పాడదు. మొహమాటం లేకుండా చెబుతానని నా మాటకు విలువుండేది. నా చెవులకు కూడా. రికార్డు మొదలైన అర నిమిషంలో ఏ పక్క తేడా ఉందో చెప్పేవాణ్ణి.

చెవి పోయిన నెలకు కిరుమాంబాక్కం నుంచి మిత్రుడు ఫోన్ చేశాడు. నాకంటే ఆరేడేళ్లు చిన్న. కడలూరు రోడ్డు మీద ఎరువుల కొట్టు, వెనకే ఇల్లు, కొంచెం పొలం. మా ఇద్దరి స్నేహం రికార్డుల వల్లే.

“అన్నా, చెన్నైలో ఒకాయన తన కార్ట్రిడ్జ్ అమ్ముతా ఉండాడు. నీ స్కూటరు ఖరీదు కంటే ఎక్కువ చెప్తాడు. వారం వాడి చూడు, నచ్చకపోతే తిరిగిచ్చెయ్ అనె. ఆదివారం వచ్చి బిగించి పెట్టన్నా. నువ్వు సరి అంటే ఉంచుకుంటా, లేదంటే పంపించేస్తా.”

రానని చెప్పడానికి సాకు వెతికాను. దొరకలేదు. వస్తానన్నాను.

ఆదివారం పొద్దున తొమ్మిదికి అక్కడున్నాను. అతను రెండు కుర్చీల్లో మంచిదాన్ని స్పీకరు డబ్బాలకు సరిగ్గా మధ్యలో వేసి ఉంచాడు. అది నాకు. తను గోడ పక్కన ఒక స్టూలు వేసుకున్నాడు. నేను నేల మీద గుడ్డ పరిచి, భూతద్దం, పట్టకారు, చిన్న త్రాసు తీశాను. కార్ట్రిడ్జ్ వెనక నాలుగు పుల్లలుంటాయి. వాటికి వెంట్రుకల్లాంటి నాలుగు తీగలు తొడగాలి. తెలుపు, నీలం ఎడమ డబ్బావి. ఎరుపు, పచ్చ కుడి డబ్బావి. వందల సార్లు చేసిన పని. చేతులు వాటంతటవే చేసుకుపోయాయి. సూది కోణం చూశాను, బరువు చూశాను, రికార్డు పెట్టి కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకున్నాను.

పాట వచ్చింది. ఎటు నుంచి వస్తోందో తెలియలేదు. నెల రోజులుగా అంతే, నాకు ఏ శబ్దమూ ఎటునుంచీ రాదు, ఊరికే ఉంటుంది. వీధిలో హారన్ కొట్టినా అంతే. బాగుందో లేదో ఆలోచించాలని చూశాను. ఆలోచన కదల్లేదు. రికార్డు ఒక పక్కంతా అయ్యేదాకా అలాగే కూర్చుని, సూది ఎత్తాక కళ్లు తెరిచి, “రొంబ బాగుండాది. ఉంచుకో” అన్నాను.

అతను కాసేపు నా వైపే చూశాడు. “ఆ ఖరీదు తగుతాదా అన్నా?”

“తగుతాది.”

“సరి అన్నా” అన్నాడు. లేచి రికార్డు తిప్పి రెండో పక్క పెట్టాడు.

అప్పుడే అతని భార్య కాఫీ గ్లాసులు తెచ్చింది. ఎడమ డబ్బా పక్కనున్న బల్ల మీద వాటిని పెట్టి, వంగినదల్లా అలాగే ఆగింది. డబ్బా ముందు చెవి పెట్టింది.

“ఏంది, ఈ డబ్బా పాడట్లే? ఊరికే గుయ్యిమంటా ఉండాది.”

నేను లేచి వెళ్లి ప్లేయరు చేతిని చూశాను. తెల్లతీగ పుల్ల నుంచి జారి పక్కకు వేలాడుతోంది. కార్ట్రిడ్జ్ ఉన్న తలను చేతికి బిగించేటప్పుడు ఊడి ఉంటుంది. రికార్డు ఒక పక్కంతా, ఇరవై నిమిషాలు, ఒక్క డబ్బానే పాడింది. ఆ రెండింటి మధ్యలో కూర్చుని నేను బాగుందన్నాను.

“నీకు తెలీలేదా?” అని అతన్ని అడిగాను.

“మొదట్లోనే తెలిసె” అన్నాడు తల దించుకుని. “అన్నకు తెలీనిదా అని ఊరకుండిపోతి. ఇంత ఖరీదుది ఇట్లనే ఉంటాదేమో, నాకే అర్థం కాలేదేమో అనుకుంటి.”

నాకు సిగ్గు వేయాల్సింది. వేయలేదు. మీటరు రీడింగు చదివినట్టు చెప్పాను.

“నా ఎడం చెవి పోయింది. నెలయింది. మళ్లీ రాదన్నారు.”

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “అక్కకు తెలుసునా?” అంది. మా ఆవిడకు ఇంకా చెప్పలేదన్నాను. రికార్డు తిరుగుతూనే ఉంది. అతను లేచి సూది ఎత్తి, కాఫీ గ్లాసు నా చేతిలో పెట్టాడు.

“యాడ చూపించినావు?”

చెప్పాను. చెన్నై వెళదామా అన్నాడు. ఆ డాక్టరే అక్కడి వాళ్లకు కాగితాలు పంపాడని, వాళ్లూ అదే చెప్పారని అన్నాను. అది నిజమే.

కాఫీ తాగాక అతను అన్నాడు. “సరి. చేతులు నీవి, చెవులు మావి. మళ్లీ మొదలుపెడదాం.”

తెల్లతీగ తొడిగి, ఈసారి ఒక్కో డబ్బానూ విడిగా పాడించి, రెండూ పలుకుతున్నాయని వాళ్లిద్దరి చేత చెప్పించుకున్నాను. అతని పాత మధ్యరకం కార్ట్రిడ్జ్ కూడా తీసి చూశాను. అతనే బిగించుకున్నాడట, కొంచెం వంకరగా ఉంది. దాన్నీ సరిచేశాను. ప్లేయరు తల ఊడదీసి మార్చుకునే రకం కాబట్టి రెండింటినీ మార్చి మార్చి పెట్టడం తేలికే. వాళ్లను గోడ వైపు తిరిగి కూర్చోమన్నాను. ఏది పెట్టానో చెప్పకుండా ఒకే పాట నాలుగుసార్లు వేశాను.

ఆమె నాలుగుసార్లూ ఒకటే మాట అంది. “నాకు తేడా తెలీలే అన్నా. ముందు దాంట్లో ఉన్న గరగర ఇప్పుడు దేంట్లోనూ లేదు.” అంటే వంకర తీసేశాక రెండూ ఆమెకు ఒకటే. అతను మొదటిసారి పాతది విని ఇదే ఖరీదుది అన్నాడు. తర్వాత మూడుసార్లూ సరిగ్గా చెప్పాడు. ఎలా చెప్పావని అడిగాను.

“పాడే ఆమె ఊపిరి తీసుకునేది కొంచెం ముందుకొచ్చినట్టు ఉండాది. అంతే. అది కూడా వెతికితేనే.”

వెనుకటి నేనైతే దానికి అంత డబ్బు పెట్టాలా అని ఉండేవాణ్ణి. ఇప్పుడు నా దగ్గర చెప్పడానికేమీ లేదు. అతను నన్ను అడగనూ లేదు. ఇంతకాలంలో ఈ విషయంలో నన్ను అడగకుండా ఎవరైనా నిర్ణయం తీసుకోవడం అదే మొదటిసారి. భార్య వైపు చూశాడు.

“నాకు నచ్చింది. ఉంచుకుంటా.”

“తేడా తెలీదంటి గదా” అంది ఆమె.

“నీకు తెలీదు. నాకు కొంచెం తెలుస్తాది.”

ఆమె గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లింది. నేను సామాను సర్దుకున్నాను. భోజనం చేసి వెళ్లమన్నారు, చేశాను. వంకాయ పులుసు. రుచి గుర్తు లేదు.

సాయంత్రం ఇంటికొచ్చి మా ఆవిడకు చెప్పాను. ఆమె పప్పు ఏరుతూ, చేట కింద పెట్టకుండానే వింది.

“నాకు తెలుసులే. ఎడం పక్క నుంచి పిలిస్తే మీరు పలకరు. మూడు వారాలుగా బజారుకు పోతే నేను కుడి పక్కకే వస్తా ఉండా. మీరు చూళ్లేదా?”

చూడలేదు. ఎందుకు అడగలేదన్నాను. “మీరు చెప్తారని” అంది. కాసేపటికి ఆమె కళ్లు తుడుచుకోవడం చూశాను. పక్కన కూర్చోవాలని తెలుసు, కూర్చున్నాను. ఏ పక్క కూర్చోవాలో ఒక్క క్షణం తేల్చుకోలేకపోయాను. ఆమె జరిగి చోటిచ్చింది.

ఆ తర్వాత కూడా ఫోన్లు ఆగలేదు. మొన్న ఉప్పళం నుంచి ఒకాయన అడిగాడు, ఖరీదైన కార్ట్రిడ్జ్‌కు డబ్బు పెట్టొచ్చా అని. ఒక చెవి లేదని ముందే చెప్పేశాను. బిగించి పెడతాను, రెండు పక్కలా పలుకుతోందో లేదో ఆఫీసులో మీటర్లకు చేసినట్టు మీటరు పెట్టి చూస్తాను, బాగుందో లేదో మాత్రం మీరే విని తేల్చుకోవాలి అన్నాను. ఆయన సరే రండి అన్నాడు. వెళ్లి బిగించి వచ్చాను. ఆయనకు నచ్చిందో లేదో అడగలేదు.

కిరుమాంబాక్కం మిత్రుడు నెలకోసారి వస్తాడు. తన ప్లేయరు ఎలా పాడుతోందో చెప్పడు, నేనూ అడగను. మా ఇంట్లో ఇప్పుడు ఒక్క డబ్బాతోనే వింటున్నాం. రెండు పక్కల పాటా ఒకదాంట్లోనే వచ్చేలా తీగలు కలిపాను. రెండో డబ్బాను అటక మీద పెట్టేశాను. అది ఉన్న చోట మా ఆవిడ బియ్యం డ్రమ్ము పెట్టుకుంది.