అరచెయ్యి అడ్డం

తాళాల మావయ్య అంటే ఆ వీధిలో తెలియనివాళ్లు లేరు. మెట్ల కింద మంచమంత కొట్టు, ఒక బల్ల, రెండు స్టూళ్లు, గోడ నిండా వేలాడే తాళంచెవులు. అందరిలా ఆయనా మారు తాళాలు చేసి ఇచ్చేవాడే గానీ, పేరొచ్చింది మాత్రం నంబరు తాళాలతోనే. పెట్టె తెచ్చి బల్ల మీద పెడితే దాని వంక చూసేవాడు కాదు. తెచ్చినవాళ్లను కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, పెళ్లెప్పుడైంది, పెద్దవాడెప్పుడు పుట్టాడు, మొదట కొన్న బండి నంబరెంత అంటూ పిచ్చాపాటీలోకి దించేవాడు. పది నిమిషాలయ్యాక ఎడమ అరచెయ్యి అడ్డం పెట్టి, అంకెలు ఎవరికీ కనబడనివ్వకుండా, కుడి బొటనవేలితో చక్రాలు తిప్పేవాడు. పెట్టె టక్కున తెరుచుకునేది.

పదివేల నంబర్లుండగా మనుషులు ఆ పదింటి చుట్టే తిరుగుతారర్రా అని పక్కనున్న టీకొట్టాయనతో రోజూ గొప్పలు పోయేవాడు. ఆ నోటికి కూడా ఒక తాళం చేసుకోరాదూ అని భార్య దెప్పేది. దెప్పదూ మరి!

ఓ మధ్యాహ్నం ఒక నడివయసు మనిషి తోలుపెట్టె పట్టుకొచ్చాడు. తండ్రిదట, ఆయన పోయి నెలైందట. నాలుగంకెల తాళం. మావయ్య మామూలుగానే మొదలుపెట్టాడు. కొడుకు పుట్టినరోజు, తల్లిదండ్రుల పెళ్లిరోజు, ఆ పెద్దాయన ఉద్యోగంలో చేరినరోజు, అన్నీ తిప్పి చూశాడు. పెట్టె కదిలితే ఒట్టు. ఈలోగా టీకొట్టు ముందు నలుగురు పోగయ్యారు. మావయ్యకు చెమటలు పట్టాయి.

ఇంకా తోబుట్టువులెవరైనా ఉన్నారా అని అడిగాడు. ఆ మనిషి మొహం చిట్లించాడు. ఒక అక్క ఉందనీ, తన ఇష్టప్రకారం పెళ్లి చేసుకుని వెళ్లిపోయిందనీ, పదిహేనేళ్లుగా నాన్న ఆవిడ పేరు ఇంట్లో ఎత్తనివ్వలేదనీ చెప్పాడు. ఆ పేరు, పుట్టినరోజు కూడా చెప్పాడు, అదై ఉండదులెండి అంటూనే. తొమ్మిదో నెల ఇరవై ఏడు.

మావయ్యకు అక్కడే వెలిగింది. కూతురి పేరెత్తనివ్వని తండ్రి ఆ కూతుర్ని ఎక్కడ దాచుకుంటాడో ముప్ఫయ్యేళ్ల పనిలో ఆయన చాలాసార్లు చూశాడు. ఆ పెట్టె ఎవరికోసమో తెలిసిపోయింది. మీ అక్కగారిని కూడా పిలుచుకురండి బాబూ అనొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. కానీ నలుగురూ చూస్తున్నారాయె, ముసలాడి పనైపోయిందనుకుంటారేమోనని భయం. అరచెయ్యి అడ్డం పెట్టి రెండు, ఏడు, సున్నా, తొమ్మిది తిప్పాడు.

మూత లేచింది. రిబ్బన్లు కట్టిన ఒక చిన్నపిల్ల ఫొటో, దాని కింద లావుపాటి కవరు, కవరు మీద పెద్ద పెద్ద అక్షరాలతో ఆ అక్క పేరు. కొడుకు గబగబా అన్నీ చేతిసంచిలో కుక్కుకుని, ఖాళీ పెట్టె మూసేశాడు. మావయ్య అలవాటుగా చక్రాలు కలిపేశాడు. నంబరేమిటని అడగను కూడా లేదు. చుట్టూ ఉన్నవాళ్లు భలే అంటే భలే అన్నారు. టీకొట్టాయన ఊరికే టీ ఇచ్చాడు. మావయ్య తాగాడు.

ఇంటికెళ్లి ఆ గొప్ప కూడా చెప్పుకున్నాడు. భార్య అంతా విని, ఆ కవరు ఆ పిల్లకు ఇస్తాడంటారా అని ఒక్క మాటే అడిగింది. మనకెందుకే పరాయివాళ్ల గొడవ అని కసిరాడు గానీ, అన్నం సహించలేదు. ఆ తర్వాత ఏ పెట్టె తెరిచినా ఆ అరచెయ్యి చూసుకుంటే సిగ్గేసేది. దొంగచెయ్యిలా ఉండేది.

రెండు నెలల తర్వాత అదే పెట్టె మళ్లీ వచ్చింది. ఈసారి తెచ్చింది ఒకావిడ. నాన్న గుర్తుగా తమ్ముడు ఇచ్చాడట. లోపల పాత బిల్లులు తప్ప ఏమీ లేవన్నాడట. నంబరు ఎవరికీ తెలియదు, కొత్తది పెట్టి ఇవ్వమంది.

“నాకంటూ ఒక్క ముక్కైనా రాసి పెట్టారేమోనని అడిగానండీ. లేదన్నాడు. నన్నెప్పుడో మర్చిపోయుంటార్లెండి” అంది.

మావయ్య ఏ ప్రశ్నా వెయ్యలేదు. అలవాటుగా ఎడమ చెయ్యి లేచింది. అడ్డం పెట్టి తెరిచేసి, ఏదో ఒక నంబరు పెట్టి పంపేస్తే సరిపోతుంది, నరమానవుడికి తెలియదు.  కానీ ఆ చెయ్యిని బల్ల మీద పెట్టేసి, పెట్టెను ఆవిడ వైపు తిప్పాడు. రెండు. ఏడు. సున్నా. తొమ్మిది.

ఆవిడ ఒక్కో అంకె మీదా వేలు పెట్టి చూసుకుంది. ఇది నా పుట్టినరోజండీ అంటూ ఏడ్చేసింది.

“కవరుండేదమ్మా లోపల. లావుపాటిది. మీద మీ పేరే. మీ తమ్ముడు పట్టుకెళ్లాడు. ఎక్కడికొచ్చి చెప్పమన్నా చెప్తాను” అన్నాడు మావయ్య.

ఆవిడ ఏడుస్తూనే ఆయన రెండు చేతులూ పట్టేసుకుంది. మీరు చెప్పకపోతే చచ్చేదాకా మా నాన్నను తిట్టుకుంటూ ఉండేదాన్నంది. దేవుడిలా దొరికారంది. మావయ్యకు తలెత్తాలనిపించలేదు.

“తెరిచి ఆ పేరు చూశాకే తెలిసిందా బాబాయ్, ఇది నాదని?”

అవునంటే చాలు. ఆవిడ అదే అనుకుంటోంది.

“కాదమ్మా. తెరవకముందే తెలుసు.”

ఆవిడ ఆయన చేతులు వదిలేసింది.