పురానాపూల్ బట్టీలో నాన్న కప్పు

నాన్నకు చేతులు వణుకుతున్నాయి. ఇంటికి ఎవరైనా వస్తే టీ వద్దంటాడు, ఒలికిపోతుందని సిగ్గు. ఆయన కోసం రెండు వైపులా పిడి ఉన్న కప్పు చేద్దామని రెండు నెలలు మట్టితో కుస్తీ పట్టాను. మొదటి రెండూ పగిలాయి. మూడోది నేను మట్టిపని నేర్చుకున్న క్లాసులో ఒకసారి కాలి గట్టిపడింది. దానికి నీలం గ్లేజు, అంటే కాలిస్తే గాజులా మెరిసే పూత, పూసి మళ్లీ కాల్చాలి. ఆ క్లాసు అయిపోయింది, మా ఇంట్లో బట్టీ లేదు కాబట్టి, నాలాంటివాళ్లు చేసినవి ఒక్కోదానికి నూటయాభై తీసుకుని కాల్చిపెట్టే యాదగిరన్న దగ్గరికి బయల్దేరాను. కప్పును పరాయి చేతిలో పెట్టడం మాత్రం నాకు బొత్తిగా ఇష్టం లేదు.

శనివారం తొమ్మిదింటికి దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కితే పది నిమిషాల్లో ఎంజీబీఎస్ స్టేషన్. అక్కడి నుంచి పురానాపూల్‌కు ఆటో అతను వంద అడిగాడు, ఎనభై అనగానే సరేనన్నాడు. అంత తొందరగా ఒప్పుకున్నందుకు అతని మీదా అనుమానమొచ్చింది. గుంత వచ్చినప్పుడల్లా నేను కప్పు పెట్టిన డబ్బాను పొట్టకు హత్తుకుంటుంటే, "అండ్ల ఏమున్నదమ్మా, బంగారమా?" అన్నాడు. కప్పు అంటే నమ్మలేదు.

యాదగిరన్న షెడ్డు పురానాపూల్ వంతెన నుంచి ఐదు నిమిషాల నడక. అక్కడే కూర్చుని బ్రష్‌తో కప్పంతా, అడుగుతో సహా, మూడుసార్లు పూత వేశాను. ఆయన వచ్చి తడి స్పాంజితో అడుగు మొత్తం తుడిచేశాడు.

"అయ్యో, ఎందుకు తుడుస్తున్నరన్నా?"

"అడుగుకు పూత ఉండొద్దక్కా. గట్లనే చేస్తరు."

ఎందుకో మాత్రం చెప్పలేదు. అడుగున పూత లేకపోతే టీ కారుతుంది, అప్పుడు మళ్లీ కాల్చాలని ఇంకో నూటయాభై గుంజుతాడని నాకు గట్టిగా అనిపించింది. ఆయన చాయ్‌కి వెళ్లగానే అడుగంతా మళ్లీ పూసి, ఆరేదాకా ఊదాను. ఆయన తిరిగొచ్చి కప్పు వంక, నా వంక చూశాడు.

"కాల్చినంక బట్టీ చల్లారాలె. రేపు నాలుగింటికి రాండ్రి. ఫికర్ చెయ్యకుండ్రి."

ఫికర్ వద్దన్నందుకే రాత్రంతా దిగులు పడ్డాను.

మర్నాడు వెళ్తే నా కప్పు అడుగున ఒక పెంకు ముక్క అతుక్కుని ఉంది. "ఏం చేసిండ్రన్నా నా కప్పును?" అని అరిచాను.

"నేనేం జేసిన? నిన్న వచ్చి చూస్తే బ్రష్ తడిగున్నది. మళ్ల పూసిండ్రని అనుమానమొచ్చింది. పూత బట్టీల కరిగి బంక లెక్క అయితది. ఉత్తగ పెడితే కప్పు కిందుండే పలకకే అతుక్కుంటుండె, ఊడదీస్తే కప్పు పలుగుతుండె. గందుకే కింద పెంకు పెట్టిన."

"నన్ను అడగొచ్చు గదా?"

"అడిగితే చెప్తుంటిరా? మళ్ల తుడిస్తే లొల్లి జేస్తుంటిరి."

తప్పు నాదేనని చెప్పాను. ఆయన నవ్వి, అరగంట కూర్చుని గ్రైండర్‌తో ఆ పెంకును అరగదీశాడు. నీళ్లు పోసి చూశాం, చుక్క కారలేదు.

రెండు రోజులూ నేను ఆయన్ను దొంగలా చూశాను. ఆయన మాత్రం నన్ను సరిగ్గానే అనుమానించి నా కప్పును కాపాడాడు. మీరూ గ్లేజు చేయించుకోవడానికి వెళ్తే, అడుగు మొత్తం, దానికి పైన వేలు వెడల్పు దాకా పూత తుడిచేయండి. ఎందుకని అడగండి, కానీ వాళ్లు లేనప్పుడు బ్రష్ ముట్టుకోకండి. ఆ సాయంత్రం పక్కింటాయన వస్తే టీ పెట్టాను. నాన్న రెండు పిడులూ పట్టుకుని ఆయన ఎదుటే మొత్తం తాగి, కప్పు నా వైపు చాపాడు.

"ఇంకొంచెం పొయ్యి బిడ్డా."