కొబుసింగ్యేని తలుచుకున్నదెవరు?

బుటొగొటా నుంచి, గొరిల్లాల అడవి అంచునున్న మా ఊరు బుహోమాకి అద్దె మోటారు సైకిలు వెనక కూర్చుని వస్తున్నాను. ముందు పోయిన లారీ లేపిన ఎర్రదుమ్ము ఇంకా నేలకు దిగలేదు. మలుపులో ఎవరో ఆడమనిషి చెయ్యెత్తి బండి ఆపింది. ఎవరా అని కళ్ళద్దాలు తుడుచుకుంటుంటే తుమ్మొచ్చింది. ఒకటి కాదు, వరసగా మూడు.

"అక్కడే ఆగు పెద్దాయనా! దిగావంటే రాయుచ్చుకు కొడతా!"

నెత్తిమీద మూటతో సహా పది అడుగులు వెనక్కి గెంతింది. అరవైకి దగ్గరపడిన మనిషి, మేకపిల్లలా గెంతింది. అప్పుడు గుర్తుపట్టాను, కొబుసింగ్యే. మామూలుగా అయితే ఎదురుపడగానే రెండు చేతులూ పొదివి పట్టుకుని, మా ఇంటి మేక దాకా అందరి క్షేమమూ అడిగితే గాని వదలదు.

"దుమ్ముకొచ్చిన తుమ్మే," అన్నాను.

"జలుబు కూడా మొదట్లో అలాగే చెబుతుంది. ఎల్లుండి పొద్దున దాకా నా దగ్గరికి రాకు. ఎర్రగింజ నాకొచ్చింది తెలుసా! నేను కొండెక్కుతున్నా! సంచి లేకుండా! ఒట్టి చేతులూపుకుంటూ!"

బండి ఎక్కుదామనే ఆపింది గాని ఇక ఎక్కలేదు. ఆమె ముందు, బండి వెనక, ఊరిదాకా అలాగే సాగాం. వెనక్కి తిరగకుండా అరుస్తూనే ఉంది.

ఇరవై ఒక్క ఏళ్ళుగా ఆమె పని, గొరిల్లాల్ని చూడ్డానికొచ్చేవాళ్ళ సంచులు మొయ్యడం. అడవిలో వాగులు దాటించి, బురదలో జారేవాళ్ళని నడుం పట్టి పైకి నెట్టి, తీరా గొరిల్లాలు కూతవేటు దూరంలో ఉన్నాయనగా ఆగిపోవాలి. సంచులూ చేతికర్రలూ మోతగాళ్ళూ అక్కడే. గంట తరవాత చూసినవాళ్ళు కళ్ళు తుడుచుకుంటూ వస్తారు, ఈమె మళ్ళీ సంచి ఎత్తుకుంటుంది. ముగుమే అనే, వీపు వెండిలా నెరిసిన ముసలి మగ గొరిల్లా ఈమెకి బాగా తెలుసు, మామగారి ఎదుట పడని కోడలికి మామగారు తెలిసినట్టు. దగ్గు తెలుసు. విసుగు తెలుసు. నమిలి పారేసిన కాడలు తెలుసు, పడుకుని లేచిన ఆకుల పక్క తెలుసు. మొహం తెలియదు.

ఆ సంవత్సరం అడవి అధికారులు మోతగాళ్ళ సంఘానికి చూసేవాళ్ళలో ఒక చోటు ఇచ్చారు. కుండలో తెల్ల చిక్కుడు గింజల మధ్య ఒక ఎర్రది వేసి అందరిచేతా తీయిస్తే అది కొబుసింగ్యే వేళ్ళకి తగిలింది.

మన వైపు ప్రయాణమై వెళుతుంటే ఎవరైనా తుమ్మితే, కాళ్ళు కడుక్కుని కాసేపు కూర్చుని వెళ్ళమంటారు. చిన్నప్పటి నా ప్రయాణాల్లో సగం ఎవరో ఒకరి ముక్కు దయవల్ల ఆలస్యమైనవే. ఆ శకునాలన్నీ వెక్కిరిస్తూ దేశాలు తిరిగి తిరిగి, చివరికి తుమ్మితే ప్రయాణం నిజంగానే ఆగిపోయే చోటికి వచ్చి పడ్డాను. మనిషి జలుబు కొండగొరిల్లాలకు అంటితే ప్రాణం మీదికి వస్తుంది. అందుకని ముక్కు కారేవాణ్ణి, ఎంతవాడైనా, అడవి గేటు దగ్గరే ఆపేస్తారు.

"మనవడికి చీమిడి," అని ముందునుంచి కేక వినిపించింది. "అందుకని మూడు రాత్రుల్నుంచి జొన్నల కొట్లో పడుకుంటున్నా. కోడలు అన్నం గుమ్మంలో పెట్టి పారిపోతోంది."

"ఆ మూటలో ఏమిటి?"

"ప్యాంటు! చీమలు పాకకుండా మేజోళ్ళలోకి దోపుకోవాలిగా. అల్లుడిది అడిగితే ఊరు ఉమ్మేస్తుంది. చర్చి ఉపదేశిది తెచ్చా. నడుం దగ్గర ఇద్దరు పడతారు. ఇంకో సంగతి, నాక్కూడా మోతమనిషి ఉంది. నిన్సీమా!"

"నీ సంచిలో ఏముంటుందని?"

"రెండు చిలగడదుంపలు. అయితే ఏం? నేను చూడ్డానికొచ్చిన దొరసానిని. 'నెమ్మది, నెమ్మది, ఊపిరాడట్లేదు' అంటా. అది నన్ను వెనకనుంచి నెట్టాలి." నవ్వు ఆపుకోలేక రోడ్డు పక్కన కూలబడింది.

ఆ ఎల్లుండి పొద్దున నాకు గేటు దగ్గర పనేమీ లేదు. అయినా వెళ్ళాను. తుమ్ములు ఆ రోడ్డుమీదే పోయాయి, అయినా పది అడుగుల దూరంలోనే నిలబడ్డాను. చూడ్డానికొచ్చిన తక్కిన ఏడుగురూ బూట్లు తొడుక్కుంటున్నారు. కొబుసింగ్యే ఉపదేశి ప్యాంటు ఒక చేత్తో పైకి లాక్కుంటూ, వేడి దుంప తింటూ, నిన్సీమాని వెక్కిరిస్తూ, అన్నీ ఒకేసారి చేస్తోంది. దారి చూపే బరిగ్యే ఆమె కళ్ళముందు పెరిగినవాడు. కాగితం పట్టుకుని అందరినీ అడిగాడు.

"దగ్గు, జలుబు, జ్వరం? దాచకుండా చెప్పాలి."

"ఏమీ లేవు... హిక్!"

బరిగ్యే తలెత్తాడు. "అదేమిటి పెద్దమ్మా?"

"సంతోషం. హిక్!"

"సంతోషానికి ఈ కాగితంలో గడి లేదే."

"జబ్బు కాదుగా!"

"జబ్బు కాదులే. కానీ మనం 'మ్మ్హ్' అని గొంతు సవరిస్తే 'మేమేలే, భయం లేదు' అని ముగుమేకి తెలుసు. ఈ హిక్కు వాళ్ళ భాషలో ఏం బూతో ఎవడికి తెలుసు? వీళ్ళు బూట్ల తాళ్ళు కట్టుకునేలోగా ఆపెయ్. ఆగకపోతే నిన్ను తీసుకెళ్ళలేను."

కొబుసింగ్యే దుంప పక్కన పెట్టేసింది. నీళ్ళు తాగించారు. ఊపిరి బిగబట్టమన్నారు. ఎవరో చెవులు లాగారు. హిక్!

"అక్కా," అంది నిన్సీమా, "నీ బదులు నేనెళ్ళి చూసొచ్చి చెబుతాలే. దుంపల సంచి నువ్వు పట్టుకో."

"నోర్ముయ్... హిక్!"

ఊరుకోలేక నేనూ నోరు చేసుకున్నాను. "మా వైపు ఎక్కిళ్ళొస్తే ఎవరో తలుచుకుంటున్నారంటారు."

"ఎవరు? హిక్! ముగుమేనా?"

"మరి ఇన్నేళ్ళుగా గుమ్మం దాకా వచ్చి లోపలికి రాకుండా పోతుంటే తలుచుకోడూ?"

అందరూ విరగబడి నవ్వారు. అందరికన్నా ఎక్కువ ఆమె నవ్వింది, దాంతో ఎక్కిళ్ళు రెట్టింపయ్యాయి. నా వైద్యం అలా ఏడ్చింది. ఆఖరివాడు రెండో బూటు తాడు బిగిస్తున్నాడు. అప్పుడు మా అమ్మ చేసే అసలు వైద్యం గుర్తొచ్చింది. నవ్వు మింగేసి, మొహం గంటు పెట్టుకుని, గొంతు పెంచాను.

"కొబుసింగ్యే! ఎర్రగింజ ముందే గుప్పిట్లో పెట్టుకుని కుండలో చెయ్యి పెట్టావటగా? ఊరంతా అనుకుంటున్నారు."

నవ్వులు టక్కున ఆగిపోయాయి. నిన్సీమా చేతిలో సంచి జారింది. కొబుసింగ్యే నా వైపు తిరిగింది. ఆ చూపుకి నేను రెండు అడుగులు వెనక్కి వేశాను. నా తాతముత్తాతల దాకా కడిగెయ్యడానికి నిండా ఊపిరి తీసుకుని నోరు తెరిచింది.

అలాగే ఉండిపోయింది, వింటున్నట్టు. మేమందరం విన్నాం. హిక్కు లేదు.

మెల్లగా నోరు మూసుకుంది. పెదాలు లోపలికి మడిచి బిగించింది.

"పదండి," అన్నాడు బరిగ్యే.

ఆమె కదిలింది. నా చేతులు పట్టుకోలేదు, మేక క్షేమం అడగలేదు. ఒక చెయ్యి నోటిమీద, ఒక చెయ్యి ప్యాంటు మీద పెట్టుకుని, వెనక్కి చూడకుండా చెట్లలోకి వెళ్ళిపోయింది.