తిత్తి లేని హార్మోనియం

ఎల్లుండి తొండూరు పద్యనాటకంలో మా మామ హార్మోనియం వాయించాలి కనుక ఈ సంగతి ఈ రోజే మన లినక్స్ గ్రూపులో చెబుతున్నాను. ఎడమ భుజం పట్టేసి ఆయన గాలి కొట్టే తిత్తి ఆడించలేకపోతున్నందున, లినక్స్ ల్యాప్‌టాప్‌లో సాఫ్ట్‌వేర్ సింథ్‌తో ఆ నాదాన్ని తయారుచేసి, పియానో మెట్ల కీబోర్డు జోడించాను. ప్రొద్దుటూరులో మా ఇంటికి వచ్చి వాయించిన మామ, పద్యం మధ్యలోనే ఆపేశారు.

“ఏందప్పా, ఇది ఊపిరే తీసుకోకుండా అరుస్తాంది?”

“తిత్తి పని పెడల్‌కు పెడతా మామా. కాలితో తొక్కితే నాదం పెరుగుతాది, వదిల్తే తగ్గుతాది.”

“కుట్టుమిషన్ మాదిరా? సరే, కానియ్.”

పెడల్‌తో పద్యం చక్కగా ఊపిరి పీల్చుకుంది. అయితే కాలు తొక్కుతున్నంతసేపూ ఆయన ఎడమ చెయ్యి, నొప్పితోనే, లేని తిత్తిని ఆడిస్తూనే ఉంది. చేతి అలవాటు మాన్పించే ప్లగిన్ ఎవరి దగ్గరైనా ఉంటే దయచేసి చెప్పండి. నాటకం చివరిదాకా ఆ భుజం ఓర్చుకుంటుందో లేదో నాకు తెలియదు.